సగం ట్యాంకు దగ్గర ఆగిపోయే రంపం

బ్యారన్‌లో, అంటే పొగాకుని వేడితో ఎండబెట్టే గదిలో, ఆకు ఎక్కించి నాలుగో రోజు. పొగాకు పండించేవాళ్లకి ఆ రోజు టెన్షన్ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఆకు పసుపు తిరిగింది, రేకు ఎండింది, ఇక ఈనె ఎండాలి. వేడి 160 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర నిలబడాలి. పొయ్యి చల్లబడిందంటే ఈనెలో మిగిలిన తడి రేకులోకి దిగి రంగు చెడిపోతుంది. ఆ ఆకుని వేలంలో ఎవరూ కన్నెత్తి చూడరు. సాయంత్రం ఐదున్నరకి చూసుకుంటే పొయ్యి పక్కనున్న కట్టెలు తెల్లారేదాకా వచ్చేట్టు లేవు. నిరుడు కొట్టి ఎండబెట్టిన చిల్లచెట్టు మొద్దులు చేలో ఉన్నాయి గానీ, వాటిని పొయ్యి నోటికి పట్టేలా కోయాలి. రంపం మిషన్ బయటికి తీశాను.

మాది కొండపి దగ్గర పల్లె. మిషన్ 58 సీసీ చైనా రకం, 22 అంగుళాల బారు (చైను తిరిగే పట్టీ). కొని మూడో ఏడు. చోక్ (గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచే మీట) లాగి నాలుగుసార్లు తాడు గుంజితే స్టార్ట్ అయింది. చోక్ తియ్యగానే ఆగిపోయింది. మళ్లీ చోక్, మళ్లీ తాడు. ఈసారి చోక్ సగం తీసి ఉంచితే ఓ నిమిషం నడిచింది, మొద్దు మీద పెట్టి రేజ్ ఇవ్వగానే ‘బూ...’ అని మూలిగి చచ్చిపోయింది. చీకటి పడేదాకా ఇదే తంతు. ఆ రాత్రి గొడ్డలి పట్టుకున్నాం నేనూ, మా పాలేరూ. చిల్లకర్ర ఎండితే గొడ్డలికి ఎంత లొంగుతుందో తెలిసినవాళ్లకి తెలుసు.

పొద్దున్నే మిషన్ తీసుకుని ఒంగోలు వెళ్లాను. ఒక రిపేరు షాపులో చూపించాను, పేరు ఎందుకులే. ఆయన మిషన్ మూత కూడా తియ్యలేదు. తాడు రెండుసార్లు గుంజి, “కార్బొరేటర్ పోయింది, మార్చాలి, పద్దెనిమిది వందలవుతుంది, వచ్చే వారం రండి” అన్నాడు. కార్బొరేటర్ అంటే పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజనుకి పంపే భాగం. వచ్చే వారానికి నా బ్యారన్ రెండో దఫా ఆకుతో నిండి ఉంటుంది. మిషన్ వెనక్కి తెచ్చేసుకున్నాను. కోతకి ఒకతన్ని కూలికి పిలిచి పని కానిచ్చి, ఫోనులో కార్బొరేటర్ ఆర్డర్ పెట్టాను. ఏడొందల చిల్లర. ప్యాకెట్లో కార్బొరేటర్‌తో పాటు రెండు ప్యాకింగులు, ఒక ప్లగ్గు, ఒక ఫిల్టరు కూడా వచ్చాయి. ఒక జానెడు పైపు కూడా ఉంది. దాన్ని పక్కన పడేశాను. ఎందుకు పడేశానా అని తర్వాత చాలా రోజులు అనుకున్నాను.

మార్చడం పెద్ద పనేమీ కాదు. పైమూత తీస్తే ఎయిర్ ఫిల్టర్ కనిపిస్తుంది. దాన్ని తీసేస్తే వెనకాల కార్బొరేటర్, రెండు పొడవాటి బోల్టుల మీద కూర్చుని ఉంటుంది. ఎనిమిదో నెంబరు స్పానర్ చాలు. ఎక్సలేటర్ నుంచి వచ్చే సన్న కడ్డీ, చోక్ కడ్డీ, ట్యాంకు నుంచి పెట్రోలు తెచ్చే పైపు, రబ్బరు బుడగకి (స్టార్ట్ చేసేముందు పెట్రోలు లాగడానికి వేలితో నొక్కేది) వెళ్లే పైపు, ఇంతే. విప్పేముందు ఫోనుతో నాలుగు వైపులా ఫోటోలు తీసుకున్నాను. ఏ పైపు ఏ ముక్కుకి అన్నది విప్పేటప్పుడు బ్రహ్మాండంగా గుర్తుంటుంది, బిగించేటప్పుడే గుర్తుండదు. బోల్టులు విప్పగానే ఆ రంధ్రంలో గుడ్డపీలిక కుక్కాను. ఒక ఇసుక రవ్వ లోపలికి పోయినా సిలిండర్ గీసుకుపోతుంది.

అంతా బిగించి తాడు గుంజాను. చోక్ మీద స్టార్ట్ అయింది. చోక్ తీస్తే ఆగింది.

పాతదానికీ కొత్తదానికీ ఒకటే జబ్బు! ముప్పై నలభైసార్లు గుంజి ఉంటాను, కుడి భుజం పైకి లేవకుండా పోయింది. ప్లగ్గు విప్పి చూస్తే పొడిగా ఉంది, చెమ్మ లేదు. పెట్రోలు సిలిండర్ దాకా రావడం లేదన్నమాట. అప్పుడు వచ్చాడు మా మామ. వరసకి మామ, మా అమ్మకి పెదనాన్న కొడుకు. ఇరవై ఏళ్లు జామాయిల్ తోటల్లో కోతల మేస్త్రిగా చేసిన మనిషి, ఇప్పుడు వయసు మీద పడి పని మానేశాడు.

“ఏంది అల్లుడూ, ఆ తాడుతో కుస్తీ?”

“కొత్త కార్బొరేటర్ మామా. డూప్లికేట్ ఇచ్చినట్టున్నారు.”

“ముందు నువ్వెట్టా బిగించావో విప్పి చూపియ్యి.”

విప్పాను. మామ కార్బొరేటర్‌కీ ఇంజనుకీ మధ్యనున్న ప్యాకింగు కాగితాన్ని వేలి మీద పెట్టుకుని ఎండకి పట్టాడు. మధ్యలో పెద్ద రంధ్రం, అటూ ఇటూ బోల్టు రంధ్రాలు రెండు, ఒక మూల గుండుసూది తలకంటే కాస్త పెద్ద రంధ్రం. “ఇది దేనికి?” అన్నాడు. నేను నోరెళ్లబెట్టాను.

బండి కార్బొరేటర్‌లో చిన్న తొట్టి, తేలే ఫ్లోటూ ఉంటాయి. రంపాన్ని పక్కకీ తలకిందులుగానూ తిప్పి కోస్తాం కాబట్టి అందులో తొట్టి పనికిరాదు. దాని బదులు పలచటి పొరలు రెండు ఉంటాయి, డయాఫ్రంలంటారు. ఒకటి ట్యాంకు నుంచి పెట్రోలు గుంజే పంపు. దానికి సొంత బలమేమీ లేదు. పిస్టన్ పైకీ కిందికీ పోయేటప్పుడు క్రాంక్ కేసులో (పిస్టన్ కిందుండే గదిలో) పుట్టే ఒత్తిడి ఆ చిన్న రంధ్రం గుండా వచ్చి పొరని కొలిమి తిత్తిలా ఆడిస్తుంది. నేను ప్యాకింగుని తిరగేసి పెట్టడంతో రంధ్రం మూసుకుపోయింది, తిత్తి ఆడలేదు. రబ్బరు బుడగ నొక్కినప్పుడు లోపలికి వచ్చిన కాస్త పెట్రోలుతో స్టార్ట్ అయి, అది అయిపోగానే ఆగిపోతోంది. బజారులో బాగా తెలిసిన మెకానిక్కులు కూడా అప్పుడప్పుడూ ఈ తప్పు చేస్తారని మామ అన్నాడు. నన్ను ఓదార్చడానికే అన్నాడేమో.

ప్యాకింగు సరిచేసి పెడితే మూడో గుంజుకి స్టార్ట్ అయింది, ఆగలేదు. కానీ ఎక్సలేటర్ ముట్టుకోకుండానే చైను గిర్రున తిరుగుతోంది. కొత్త కార్బొరేటర్ కంపెనీ నుంచి ఎలా వస్తే అలా వాడకూడదని అప్పుడే అర్థమైంది. చైను బ్రేకు వేసి మిషన్ ఆపించాడు మామ. “కాలు తెగ్గొట్టుకుంటావా?” అని ఓ తిట్టు కూడా తిట్టాడు.

దానికి స్క్రూలు మూడు. టి అని రాసున్నది స్లో స్పీడుకి. ఎల్ అన్నది స్లోలో పెట్రోలు ఎంత పోవాలో చూస్తుంది, హెచ్ అన్నది ఫుల్ రేజ్‌లో. కుడికి తిప్పితే పెట్రోలు తగ్గుతుంది, ఎడమకి తిప్పితే పెరుగుతుంది. మామ ఎల్, హెచ్ రెండింటినీ మెల్లగా కుడికి ఆనేదాకా తిప్పి (బిగిస్తే లోపలి సూది మొన పాడవుతుంది), అక్కణ్ణించి ఎడమకి ఒక చుట్టూ పావు వదిలాడు. ఇది మొదలుపెట్టడానికి మాత్రమే, ఇక్కణ్ణించి చెవిపని అన్నాడు. మిషన్‌ని ఐదు నిమిషాలు వేడెక్కనిచ్చి ఎల్‌ని అటూ ఇటూ తిప్పుతూ పోతే ఒక చోట స్లో స్పీడు అన్నిటికంటే పైకి పోతుంది. అక్కణ్ణించి చిటికెడు ఎడమకి. రేజ్ ఇస్తే తడబడకుండా అందుకోవాలి. తడబడితే ఇంకో చిటికెడు. ఆ తర్వాత టి స్క్రూ వదులుతూ పోతే చైను నిలిచిపోతుంది, ఇంజను మాత్రం నడుస్తుంటుంది. అక్కడ ఆపాలి.

హెచ్ దగ్గర మామ నా చెయ్యి పట్టుకుని మరీ చూపించాడు. ఫుల్ రేజ్‌లో కుడికి తిప్పుతూ పోతుంటే శబ్దం ‘కీ...’ అని సన్నగా, పదునుగా పైకి పోతుంది. వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది, మిషన్‌కి కొత్త ఊపిరి వచ్చిందనిపిస్తుంది. అదే ప్రమాదం. ఈ ఇంజనుకి నూనె పెట్రోలులోనే కలిసి వస్తుంది, పెట్రోలు తగ్గితే నూనే తగ్గుతుంది. వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. అందుకని ఎడమకి తిప్పుకుంటూ వస్తే ఒక చోట ఆ కీచు విరిగి ‘గరగర’ మొదలవుతుంది. ఉత్తగా రేజ్ ఇచ్చినప్పుడు కాస్త గరగర ఉండాలి, మొద్దులోకి దిగగానే అది పోయి గొంతు సాఫీ అవ్వాలి. అదీ కొలత. “గొంతు బాగుందని మురిసిపోయి నాలుగు మిషన్లు కాల్చాను నేను” అన్నాడు మామ. ఏ కొలత పరికరమూ లేకుండా వినికిడి మీద చేసే ఈ పని నాకు ఇప్పటికీ పూర్తిగా పట్టుబడలేదు. హెచ్‌ని అవసరమనిపించిన దానికంటే కొంచెం ఎక్కువే ఎడమకి ఉంచుతాను. పొగ కాస్త ఎక్కువొస్తుంది, రానీ.

కథ ఇక్కడితో అయిపోయిందనుకున్నాను.

రెండో దఫా ఆకుకి కట్టెలు కోస్తుంటే మళ్లీ మొదలైంది. ట్యాంకు నిండా పోసుకుని మొదలుపెడితే పావుగంట బంగారంలా కోస్తుంది. తర్వాత రేజ్‌లో నీరసం, ఓ నిమిషానికి ఆగడం. చోక్ సగం వేస్తే నడుస్తుంది. అచ్చం మొదటి రోజు జబ్బే! కొత్త కార్బొరేటర్ కూడా నెలలోపే పోయిందా అని ఒళ్లు మండింది. ఆర్డర్ పెట్టిన చోట ఒకటే స్టార్ ఇచ్చి నాలుగు ముక్కలు రాయబోయాను కూడా. మళ్లీ పెట్రోలు పోశాను. మళ్లీ బంగారం. మళ్లీ పావుగంట. మూడోసారికి గానీ బుర్రలో వెలగలేదు. ఆగిన ప్రతిసారీ ట్యాంకులో పెట్రోలు సుమారుగా సగం దగ్గరే ఉంటోంది.

రబ్బరు బుడగ నొక్కి చూశాను. ట్యాంకు సగంలో ఉన్నప్పుడు నొక్కుతుంటే పెట్రోలుతో పాటు గాలిబుడగలు వస్తూనే ఉన్నాయి, ఎంతసేపు నొక్కినా తగ్గవు. ట్యాంకు నింపి నొక్కితే నాలుగు నొక్కులకి గాలి పోయి, బుడగ నిండా పెట్రోలే. ట్యాంకు ఖాళీ చేసి, మూత దగ్గర్నుంచి వంచిన తీగతో లోపలి పైపుని కొక్కెం వేసి బయటికి లాగాను. కొసన ఫిల్టరు ఉంది, కాస్త నల్లబడింది, అంతే. పైపు చూడ్డానికి బాగానే ఉంది. వేళ్ల మధ్య పెట్టి వంచాను. ట్యాంకు గోడ దాటి లోపలికి వచ్చే చోట, పై భాగంలో, సన్నటి పగులు నోరు తెరిచింది. వదిలేస్తే మూసుకుంటుంది, వంచితే తెరుచుకుంటుంది. రబ్బరు మెత్తదనం పోయి ఎండిన తాటాకు ఈనెలా పెళుసుగా ఉంది.

ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఆ పగులు పెట్రోలులో మునిగి ఉంటుంది. పగులు గుండా పీల్చినా వచ్చేది పెట్రోలే, నష్టం లేదు. మట్టం దాని కిందికి దిగగానే గాలి పీలుస్తుంది. గాలి కలిసేసరికి ఇంజనుకి పెట్రోలు చాలదు, అందుకే చోక్ వేస్తే నడుస్తుంది. ఆ మొదటి సాయంత్రం ట్యాంకులో ఎంత ఉందో నేను చూసుకోలేదు. సగానికి తక్కువే ఉండి ఉంటుంది. నేను విసిరేసిన ఆ జానెడు పైపు ముక్కని కొట్టంలో అరగంట వెతికాను. దొరకలేదు. టంగుటూరులో మోటారు సామాన్లు అమ్మే కొట్లో అదే లావుది నలభై రూపాయలకి తెచ్చి, కొసని ఏటవాలుగా కోసి, కాస్త టూటీ నూనె (ఈ ఇంజను పెట్రోలులో కలిపే నూనె) రాసి ట్యాంకు రంధ్రంలోకి లాగాను. బిగుతుగా ఉంటుంది, శాపనార్థాలు పెట్టకుండా దూరదు. అప్పట్నుంచి ట్యాంకు అడుగు దాకా కోసింది.

ఏప్రిల్‌లో ఆకు పని తగ్గాక పాత కార్బొరేటర్ ముందు కూర్చున్నాను. మార్చాల్సిన అవసరమే లేదేమో అన్న అనుమానం పీకుతూనే ఉంది. స్ప్రింగు చిన్నది, కాస్త ఏమరితే ఎగిరిపోతుందని తెలిసి స్టీలు పళ్లెంలో పెట్టి విప్పాను. మా ఆవిడ ఆ పళ్లేన్ని మళ్లీ వంటింట్లోకి రానివ్వలేదు. నాలుగు స్క్రూల మూత కింద మధ్యలో లోహపు బొడిపె ఉన్న పొర, పెట్రోలుని కొలతగా వదిలేది. మెత్తగా ఉండాల్సింది, వేయించిన అప్పడంలా అలలు తిరిగింది. ముట్టుకుంటే కరకరమనేట్టుంది. దాని కింద చిన్న మీట, ఆ మీట నొక్కితే లేచి పెట్రోలుకి దారిచ్చే సూది. రెండో వైపు ఒకటే స్క్రూ. ఆ మూత కింద పంపు పొర, దాని అడుగున రూపాయి బిళ్లలో నాలుగో వంతు కూడా లేని సన్న జల్లెడ. జల్లెడ మీద పచ్చగా జిగురు కట్టుకుపోయింది, సగం కన్నాలు మూసుకుపోయాయి. పైపు పగిలిన మాట నిజమే, కార్బొరేటర్ కూడా సుఖంగా లేదు. ఏ జబ్బు ఎంతో విడదీసి చెప్పడం కష్టం. ముందు పైపు మార్చి ఉంటే ఆ సీజనంతా గడిచిపోయేదని మాత్రం నాకు గట్టి నమ్మకం.

పొరలు, ప్యాకింగులు, సూది, జల్లెడ కలిపి కిట్టుగా అమ్ముతారు, కొత్త కార్బొరేటర్ కంటే బాగా తక్కువ ధర. క్లీనర్ స్ప్రే కొట్టి కడిగాను. కన్నాల్లో తీగలు పెట్టి పొడవకూడదు. కన్నం పిసరంత పెద్దదైనా లెక్క తప్పుతుంది. కంప్రెసర్ గాలి కూడా వద్దు, లోపల చిన్న వాల్వు పొర ఒకటి ఉంటుంది, అది చిరిగిపోతుంది. బిగించేటప్పుడు జాగ్రత్త పడాల్సింది వరస. బొడిపె పొర వైపు ముందు ప్యాకింగు, దాని మీద పొర. పంపు వైపు ముందు పొర, దాని మీద ప్యాకింగు. రెండు వైపులా ఒకటే వరసనుకుంటే మళ్లీ భుజం నొప్పే. సూది సరిగ్గా మూసుకుంటోందో లేదో చూడ్డానికి మామ పాత బీపీ మిషన్ బుడ్డి ఒకటి దాచుకున్నాడు. పెట్రోలు వచ్చే ముక్కుకి దాని గొట్టం తగిలించి, కార్బొరేటర్‌ని గిన్నెలో పెట్రోలులో ముంచి బుడ్డి నొక్కాలి. సూది దగ్గర్నుంచి గాలిబుడగలు రాకపోతే మంచిది. మాకు రాలేదు. ఆ పనంతా బ్యారన్‌కి దూరంగా, వేపచెట్టు కింద చేశాం. మామ ముందు తన చుట్ట తీసి అవతల గట్టు మీద పెట్టొచ్చాడు.

జిగురు, పెళుసు పైపు, అప్పడం అయిన పొర, మూడూ మిషన్ పని చేసినప్పుడు రాలేదు. పని లేనప్పుడు వచ్చాయి. జనవరి నుంచి మార్చి, ఏప్రిల్ దాకా రోజూ కోస్తాను, ఆ తర్వాత డిసెంబరు దాకా అది కొట్టంలో మూల కూర్చుంటుంది. నేను ఏటా ట్యాంకులో మిగిలిన పెట్రోలుతోనే మూల పెట్టేవాణ్ణి. మా నాన్న కాలం పెట్రోలు వేరు, ఇప్పటిది వేరు. 2023 నుంచి బంకుల్లోకి ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు రావడం మొదలైంది. ఇథనాల్ గాలిలో తేమని పీలుస్తుంది, సముద్రం దగ్గర పల్లెల్లో గాలికి తేమ కరువు లేదు. నీళ్లు ఎక్కువైతే ఇథనాలూ నీళ్లూ కలిసి అడుక్కి దిగిపోతాయి, పెట్రోలూ టూటీ నూనే పైన తేలతాయి. ఫిల్టరు ఉండేది అడుగున. అంటే ఇంజను ముందు పీల్చేది నూనె లేని నీళ్లసారా.

నమ్మకం కుదరక చేసి చూశాను. గీతలున్న గాజు సీసాలో 10 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, దాని మీద 100 మిల్లీలీటర్ల కొత్త పెట్రోలు పోసి, మూత పెట్టి కుదిపి, కాసేపు వదిలేశాను. నీళ్లు పది దగ్గరే ఉండాలి కదా. అడుగు పొర రెట్టింపు కంటే పైకి పెరిగింది. పెట్రోలులోంచి సారా దిగి నీళ్లలో కలిసిందన్నమాట. మామ ఆ సీసాని చాలాసేపు ఎండకి పట్టుకుని చూశాడు. “దీన్నా మనం తొమ్మిది నెలలు దాచిపెట్టేది?” అన్నాడు.

ఇప్పుడు నేను చేసేది పెద్ద ఏమీ కాదు. టూటీ నూనె లీటరుకి 40 మిల్లీలీటర్లు. ఈ మిషన్ మీద రాసున్నది 25కి ఒకటి (25 పాళ్ల పెట్రోలుకి ఒక పాలు నూనె), దాని లెక్క అంతే. అన్ని మిషన్లకీ ఇదే కొలత అనుకోకూడదు, కొన్నిటికి 50కి ఒకటి. కొలవడానికి పురుగుమందు డబ్బా మూత వాడటం మానేసి సిరంజి కొన్నాను. రెండు వారాలకి సరిపడే కంటే ఎక్కువ కలపను. రోజూ పని అయ్యాక ఎయిర్ ఫిల్టర్ తీసి దులుపుతాను. చిల్లకర్ర పొడి మెత్తగా పిండిలా ఉంటుంది, రెండు రోజులకే మూసుకుపోతుంది. సీజను అయ్యాక ట్యాంకు ఒంపేసి, మిషన్‌ని స్లోలో పెట్టి దానంతట అదే ఆగేదాకా నడిపి, బుడగ నొక్కి మిగిలిన చుక్క కూడా బయటికి పంపిస్తాను. పైపు, ఫిల్టరు ఏటా డిసెంబరులో మారుస్తాను, బాగున్నా సరే. రిపేరు చేసిన పాత కార్బొరేటర్ ప్లాస్టిక్ కవర్లో స్పేరుగా ఉంది. నిజం చెప్పాలంటే స్లోలో అదే కొత్తదానికంటే నిలకడగా నడుస్తుంది.

మొన్న డిసెంబరులో మిషన్ ఆరో గుంజుకి స్టార్ట్ అయింది. అది చూసి మామ మర్నాడు తన గడ్డి కోసే మిషన్ భుజాన వేసుకొచ్చాడు. “చోక్ తీస్తే ఆగుతోంది అల్లుడూ, పైపే అయ్యుంటది” అన్నాడు, నాకంటే ముందే. ట్యాంకు మూత తీసి పైపు బయటికి లాగి వంచి చూశాను. మెత్తగా, కొత్తదానిలా ఉంది, ఎక్కడా పగులు లేదు. ఫిల్టరూ శుభ్రంగానే ఉంది. స్టీలు పళ్లెం తెచ్చుకుని ఆ మధ్యాహ్నమంతా వేపచెట్టు కింద దాని కార్బొరేటర్ విప్పుకుంటూ కూర్చున్నాం.